సూపర్ బౌల్ చివరి నిమిషాల్లో తప్పు ఎవరిదో తేల్చడం ఎలా?

ఏటా ఫిబ్రవరిలో ఒక సోమవారం తెల్లవారుజామున, మన గడియారంలో ఐదింటికి అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్, సూపర్ బౌల్ మొదలవుతుంది. తొమ్మిదయ్యేసరికి నా ఫోన్ నిండా ఒకటే ప్రశ్న: "ఆ కోచ్‌కి బుద్ధుందా?" డాలస్‌లో ఉండే మా బావైతే మెసేజ్ కూడా పెట్టడు, నేరుగా ఫోన్ చేసి తిట్టడం మొదలుపెడతాడు. ఎవరిని తిడుతున్నాడో ఆయనకే సరిగ్గా తెలియదు. బంతి జారవిడిచిన కుర్రాడినా, వాడిని అక్కడ నిలబెట్టిన కోచ్‌నా, లేక గడియారాన్నా?

అది తేల్చే పద్ధతి రాయమని చాలామంది అడిగారు. ఆట మూల నియమాలు (పది గజాలు వెళ్లడానికి నాలుగు డౌన్లు, అంటే నాలుగు ప్రయత్నాలు, టచ్‌డౌన్‌కి ఆరు పాయింట్లు) మీకు తెలుసనే అనుకుని రాస్తున్నాను. యార్డు అంటే చీరల కొట్లో కొలిచే మన గజమే కాబట్టి కింద అంతా గజాలనే అంటాను.

1. ముందు కాగితం, పెన్ను పెట్టుకోండి

నవ్వకండి. నాలుగో క్వార్టర్లో పది నిమిషాలు మిగిలినప్పటి నుంచి ప్రతి స్నాప్‌కి (బంతిని వెనక్కి అందించి ఆట మొదలుపెట్టడం) ముందు ఈ ఐదూ రాయాలి. లైవ్‌లో కుదరకపోతే రికార్డింగ్ ఆపి ఆపి రాసుకోండి.

- స్కోరు తేడా
- మిగిలిన సమయం, గడియారం నడుస్తోందా ఆగి ఉందా
- రెండు జట్ల దగ్గరా ఎన్ని టైమవుట్లు ఉన్నాయి (ఒక్కో హాఫ్‌కి మూడు ఇస్తారు)
- ఎన్నో డౌన్, ఇంకా ఎన్ని గజాలు కావాలి, బంతి ఏ గీత మీద ఉంది
- టూ మినిట్ వార్నింగ్ (రెండు నిమిషాలు మిగిలినప్పుడు గడియారం ఆపే విరామం) అయిపోయిందా, లేదా

స్నాప్‌కి ముందు అన్నది గట్టిగా పట్టుకోండి. బంతి కదిలాక ఏం జరిగిందో మనకు తెలుసు, కోచ్‌కి అప్పటికి తెలియదు. ఆయనకు ఉన్నవి ఈ ఐదే.

2. మూడు చిన్న లెక్కలు నోటికి రావాలి

*17 కలపడం.* బంతి ఏ గజం గీత మీద ఉందో దానికి 17 కలిపితే ఫీల్డ్ గోల్ (స్తంభాల మధ్యకు బంతిని తన్నడం, 3 పాయింట్లు) దూరం వస్తుంది. ఎండ్ జోన్ లోతు 10 గజాలు, స్నాప్ వెనక్కి వెళ్లేది ఇంకో 7. ఒక్కోసారి 18 అవుతుంది, ఫరవాలేదు.

*40 తీసేయడం.* ఆటగాడు మైదానం లోపలే పడిపోతే గడియారం ఆగదు. తర్వాతి స్నాప్‌కి దాదాపు 40 సెకన్లు తీసుకోవచ్చు. అంటే ఎదుటివాళ్ల దగ్గర టైమవుట్లు లేకపోతే ముందున్న జట్టు మూడు డౌన్లతో రెండు నిమిషాలు తినేయగలదు. కబడ్డీలో పాయింట్లు ఎక్కువున్న జట్టు రైడర్ గీత దాటి వెళ్లి, ఎవరినీ తాకకుండా 30 సెకన్లూ అటూ ఇటూ తిరిగి వెనక్కి వచ్చేస్తాడే, అదే పని. టైమవుట్ విలువ కూడా ఇక్కడే తెలుస్తుంది: ఒక్కోటి 40 సెకన్లకు సమానం.

*తేడా ఏ గడిలో ఉంది.* 3 లోపు అయితే ఫీల్డ్ గోల్ చాలు. 4 నుంచి 8 దాకా ఒక టచ్‌డౌన్ కావాలి (8 అయితే దానికి తోడు రెండు పాయింట్ల ప్రయత్నం కూడా గెలవాలి). 9 లేదా అంతకు మించితే రెండుసార్లు స్కోరు చెయ్యాల్సిందే. ఐదు నుంచి మూడుకి తగ్గడం పెద్ద విషయం, ఎనిమిది నుంచి ఐదుకి తగ్గడం దాదాపు ఏమీ కాదు. దీని సంగతి ఆరో మెట్టులో చూద్దాం.

3. స్పెషల్ టీమ్స్ వచ్చినప్పుడు బంతిని చూడకండి

స్పెషల్ టీమ్స్ అంటే కిక్‌లు, పంట్‌ల కోసం దిగే ఆటగాళ్లు. కొత్తగా చూసేవాళ్లంతా చేసే పొరపాటు ఇదే. పంట్ (బంతిని దూరంగా తన్ని ఎదుటివాళ్లకు ఇచ్చేయడం) గాల్లోకి లేవగానే కళ్లు బంతి వెంట వెళ్లిపోతాయి. తప్పు జరిగేది కింద.

చూడాల్సిన వరస ఇది:

- లాంగ్ స్నాపర్ విసిరిన బంతి నేరుగా వెళ్లిందా, తేలిపోయిందా?
- ఫీల్డ్ గోల్ అయితే హోల్డర్ దాన్ని ఒక్క కదలికలో నిలబెట్టాడా?
- లైన్ మధ్యలో ఎవరైనా వెనక్కి నెట్టబడ్డారా?
- పంట్ అయితే, రిటర్నర్ (దాన్ని అందుకునేవాడు) బంతి కిందకి వచ్చాడా లేక "వదిలేయండి" అని సైగ చేశాడా? ఆ సైగ చూసి అతని జట్టువాళ్లు పక్కకి తప్పుకున్నారా?

చివరి ప్రశ్నకు ఉదాహరణ లాస్ వెగాస్‌లో 2024 ఫిబ్రవరి 11 నాటి సూపర్ బౌల్‌లో దొరికింది. మూడో క్వార్టర్లో కాన్సస్ సిటీ పంట్ చేసింది. కింద పడిన బంతి శాన్ ఫ్రాన్సిస్కో ఆటగాడు డారెల్ లూటర్ మడమకు తగిలింది. అతను వేరేవాడిని అడ్డుకునే పనిలో ఉన్నాడు, బంతి వైపు వీపు ఉంది. పంట్ అందుకునే జట్టువాడికి బంతి తగిలిందంటే అది ఎవరిదైనా కావచ్చు. రిటర్నర్ రే-రే మెక్‌క్లౌడ్ దాన్ని ఎత్తుకుని పరుగెత్తబోయి జారవిడిచాడు. 16 గజాల గీత దగ్గర కాన్సస్ సిటీకి దొరికింది, ఆ వెంటనే ఆడిన మొదటి ఆటకే టచ్‌డౌన్. ఇందులో లూటర్ తప్పు ఎంత? నా లెక్కలో తక్కువ. మెక్‌క్లౌడ్ మాత్రం బంతి మీద పడిపోయి ఉంటే సరిపోయేది. ఇలాంటి చోట ఎత్తుకోవద్దు, మీద పడుకో అని స్కూలు జట్లలో కూడా చెబుతారు.

ఆ రోజు శాన్ ఫ్రాన్సిస్కోకి ఇంకో దెబ్బ కూడా తగిలింది, అంతగా ఎవరూ మాట్లాడుకోరు. నాలుగో క్వార్టర్లో టచ్‌డౌన్ తర్వాత కొట్టిన అదనపు పాయింట్ కిక్‌ని కాన్సస్ సిటీ ఆటగాడు లియో చెనాల్ అడ్డుకున్నాడు. 17-13 కావాల్సింది 16-13 అయింది. 4 తేడా అయితే కాన్సస్ సిటీకి టచ్‌డౌన్ కావాలి, 3 కాబట్టి ఫీల్డ్ గోల్ చాలింది, కొట్టి సమం చేశారు. ఒక్క పాయింట్ పోతే ఎదుటివాడి నాలుగో డౌన్ నిర్ణయమే మారిపోతుంది, అందుకే గడులు చూడమంటున్నాను.

ఇక ఆన్‌సైడ్ కిక్, అంటే కొట్టిన జట్టే బంతిని తిరిగి దక్కించుకోవాలని కొట్టే చిన్న కిక్. ఇక్కడ చూడాల్సింది ఎవరి పని ఏమిటన్నది. 2015 జనవరిలో ఎన్ఎఫ్‌సి ఛాంపియన్‌షిప్ (సూపర్ బౌల్‌కి ముందు సెమీఫైనల్ లాంటిది), సియాటిల్‌లో. గ్రీన్ బే 19-7తో ముందుంది. రెండు నిమిషాల పైచిలుకు ఉండగా సియాటిల్ టచ్‌డౌన్ చేసి 19-14కి తెచ్చి, ఆన్‌సైడ్ కిక్ కొట్టింది. గ్రీన్ బే టైట్ ఎండ్ బ్రాండన్ బోస్టిక్ ఎగిరాడు, బంతి చేతుల్లోంచి జారి హెల్మెట్‌కి తగిలి సియాటిల్ చేతికి వెళ్లింది. రికార్డింగ్ ఆపి అతని వెనక చూడండి. జోర్డీ నెల్సన్ ఉన్నాడు, జట్టులోకెల్లా మంచి చేతులున్నవాడు. బోస్టిక్ పని ముందుకొచ్చేవాళ్లని అడ్డుకోవడం, బంతి పట్టడం నెల్సన్ పని. మ్యాచ్ అయ్యాక బోస్టిక్ ఆ మాట తనే ఒప్పుకున్నాడు. మన వీధి క్రికెట్లో ఇద్దరు ఒకే క్యాచ్‌కి పరుగెత్తి ఇద్దరూ వదిలేసినట్టు కూడా కాదు, ఒకడికి ఆ క్యాచ్ పట్టే పనే లేదు.

అయితే గ్రీన్ బే ఓటమిని బోస్టిక్ ఒక్కడి నెత్తిన వేయడం నాకు నచ్చదు. అదే మ్యాచ్ మొదటి క్వార్టర్లో గోల్ లైన్‌కి ఒక్క గజం దూరంలో రెండుసార్లు నాలుగో డౌన్ వస్తే రెండుసార్లూ ఫీల్డ్ గోలే కొట్టారు. మూడో క్వార్టర్లో సియాటిల్ ఫీల్డ్ గోల్ కొడుతున్నట్టు నిలబడి, హోల్డర్‌గా ఉన్న పంటర్ జాన్ రయాన్‌తో టచ్‌డౌన్ పాస్ వేయించింది. తర్వాత ఐదు నిమిషాలు ఉండగా ఇంటర్‌సెప్షన్ (ఎదుటివాళ్ల పాస్‌ని మధ్యలో పట్టేయడం) పట్టిన గ్రీన్ బే ఆటగాడు మోర్గన్ బర్నెట్ ఎదుట ఖాళీ ఉన్నా కింద కూర్చుండిపోయాడు. ఓటమిలో వీటన్నిటికీ వాటా ఉంది.

ఒక హెచ్చరిక: 2010లో న్యూ ఓర్లీన్స్ రెండో హాఫ్ మొదట్లోనే ఎవరూ ఊహించని ఆన్‌సైడ్ కిక్ కొట్టింది కదా, అది ఇప్పుడు కుదరదు. 2024లో కిక్‌ఆఫ్ నియమాలు మార్చారు. ఆన్‌సైడ్ కిక్ ముందే చెప్పి కొట్టాలి. పాత వీడియో చూసి "ఈ కోచ్ ఎందుకు చేయలేదు" అనకండి.

4. కిక్ పోయిందా? ముందు 20 సెకన్లు వెనక్కి వెళ్లండి

ఫీల్డ్ గోల్ పోగానే అందరి వేలూ కిక్కర్ వైపే. రికార్డింగ్‌ని అతను మైదానంలోకి అడుగుపెట్టిన క్షణానికి తిప్పండి.

2012 జనవరిలో బాల్టిమోర్, న్యూ ఇంగ్లండ్ మ్యాచ్. 23-20తో వెనకబడిన బాల్టిమోర్‌కి 32 గజాల కిక్, కొడితే ఓవర్‌టైమ్. బిల్లీ కండిఫ్ ఎడమ పక్కకి కొట్టేశాడు. ఇప్పుడు వెనక్కి తిప్పి చూడండి: అతను పరుగెత్తుకుంటూ వస్తున్నాడు, ప్లే క్లాక్ (స్నాప్‌కి ఇచ్చే గడువు) తరిగిపోతోంది, ఊపిరి తీసుకునే టైమ్ లేదు. బాల్టిమోర్ దగ్గర ఒక టైమవుట్ మిగిలే ఉంది. కోచ్ జాన్ హార్బా వాడలేదు. కిక్ పోగొట్టింది కండిఫ్, ఆ టెన్షన్ పెట్టింది బెంచీ. రెండూ వేరువేరుగా రాసుకోండి.

దీనికి పూర్తిగా వేరే రకం 1991 నాటి బఫెలో కిక్. 8 సెకన్లు ఉండగా స్కాట్ నార్వుడ్ 47 గజాల నుంచి, గడ్డి మైదానం మీద కొట్టాడు, కుడి పక్కనుంచి పోయింది, 20-19తో జెయింట్స్ గెలిచింది. ఆ రోజుల్లో 47 గజాలంటే మంచి కిక్కర్‌కి కూడా ఖాయం కాదు. ఇక్కడ అడగాల్సింది కిక్ ఎందుకు పోయిందని కాదు, అంత దూరంలో ఎందుకు ఆగారని.

5. ముందున్న జట్టు: కిక్ దూరం కాపాడుకుందా?

దీనికి ఒక్క మ్యాచ్ చాలు, 2017 ఫిబ్రవరి 5, హ్యూస్టన్. అట్లాంటా 28-3 ఆధిక్యం అందరికీ తెలుసు. మీరు అది వదిలేసి నాలుగో క్వార్టర్లో 4:40 దగ్గర ఆపండి.

స్కోరు 28-20. జూలియో జోన్స్ పక్క గీత మీద కాలి వేళ్లు ఆనించి పట్టిన క్యాచ్‌తో అట్లాంటా 22 గజాల గీత మీదకు వచ్చింది. కాగితం తీయండి. 22కి 17 కలిపితే 39 గజాల కిక్. కొడితే 11 పాయింట్ల ఆధిక్యం, అంటే న్యూ ఇంగ్లండ్ రెండుసార్లు స్కోరు చెయ్యాలి. అట్లాంటా చెయ్యాల్సిందల్లా మూడుసార్లు బంతి పట్టుకుని ముందుకు పడడం.

- మొదటి డౌన్: పరుగు, ఒక గజం నష్టం. కిక్ దూరం 40.
- రెండో డౌన్: పాస్ వేయబోయి క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు వేసేవాడు) మ్యాట్ రయాన్ శాక్ అయ్యాడు, అంటే బంతితోనే పడేశారు, 12 గజాలు వెనక్కి. కిక్ దూరం 52.
- మూడో డౌన్: మళ్లీ పాస్, ఎదుటివాడిని పట్టుకున్నందుకు హోల్డింగ్ పెనాల్టీ, ఇంకో 10 వెనక్కి. 62.
- మళ్లీ మూడో డౌన్: పాస్ నేలపాలు, గడియారం కూడా ఆగింది.

పంట్. తర్వాతి కథ తెలిసిందే, ఓవర్‌టైమ్‌లో 34-28.

ఇక్కడ నా తీర్పు కఠినంగానే ఉంటుంది, ఎందుకంటే ఇది బంతి జారడం లాంటి చేతి పొరపాటు కాదు, కూర్చుని ఆలోచించి తీసుకున్న నిర్ణయం. "అప్పటిదాకా పాస్‌లే కదా వాళ్లని గెలిపిస్తున్నాయి" అని ఎవరైనా అంటే, 22వ గజం దగ్గర వాళ్లకు ఇంకో గజం కూడా అక్కర్లేదు అని చెప్పండి.

6. వెనకబడిన జట్టు: పాయింట్లు తెచ్చుకుందా, గడి మార్చుకుందా?

2021 జనవరి, గ్రీన్ బే సొంత మైదానం. టాంపా బే 31-23తో ముందుంది. 2:09 ఉంది, నాలుగో డౌన్, గోల్ లైన్‌కి 8 గజాలు. కోచ్ మ్యాట్ లాఫ్లూర్ ఫీల్డ్ గోల్ కొట్టించాడు, 31-26. ముందు టచ్‌డౌన్ కావాలి, కొట్టాక కూడా టచ్‌డౌనే కావాలి. గడి మారలేదు, బంతి మాత్రం టాంపా క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ చేతికి వెళ్లింది, మళ్లీ తిరిగి రాలేదు.

న్యాయంగా ఆయన పక్షం కూడా చెప్పాలి: మూడు టైమవుట్లున్నాయి, వార్నింగ్ ఉంది, ఎనిమిది గజాలు తేలిక కాదు, దొరికినా ఇంకో రెండు పాయింట్ల ప్రయత్నం గెలిస్తేనే సమం. పూర్తిగా పిచ్చి పని అనను. కానీ నాలుగో డౌన్ పోయి ఉన్నా టాంపా తన గోల్ లైన్ దగ్గర 8వ గజం మీద ఇరుక్కుని ఉండేది, అవే టైమవుట్లు అప్పుడూ ఉండేవి. ఆ మాట లెక్కలోకి వచ్చినట్టు లేదు.

వెనకబడినప్పుడు ఇంకో చిన్న దొంగ ఉంటాడు: గోల్ లైన్ దగ్గర పరుగు. 2024 జనవరిలో డెట్రాయిట్ 34-24తో వెనకబడి, నిమిషం పైచిలుకు ఉండగా ఒక్క గజం దగ్గర మూడో డౌన్‌లో పరుగు పెట్టింది, ఆపేశారు, గడియారం ఆపడానికి టైమవుట్ ఖర్చయింది. తర్వాత టచ్‌డౌన్ వచ్చినా మిగిలిన రెండు టైమవుట్లతో బంతి తిరిగి వచ్చే దారి లేదు, ఆన్‌సైడ్ కిక్ తప్ప. ఆ మ్యాచ్‌లో డెట్రాయిట్ కోచ్ డాన్ క్యాంప్‌బెల్‌ని నాలుగో డౌన్లు ఆడాడని అందరూ తిట్టారు. నేనైతే ఈ మూడో డౌన్‌కి తిడతాను.

7. ఒక్క గజం, 26 సెకన్లు

అందరూ అడిగేది ఇదే కాబట్టి నిదానంగా. 2015 ఫిబ్రవరి 1, గ్లెండేల్. న్యూ ఇంగ్లండ్ 28, సియాటిల్ 24. సియాటిల్ రన్నర్ మార్షాన్ లించ్ పరుగుతో బంతి ఒక గజం దగ్గరికి వచ్చింది. రెండో డౌన్. గడియారం నడుస్తోంది, న్యూ ఇంగ్లండ్ కోచ్ బెలిచెక్ దగ్గర టైమవుట్లున్నా పిలవలేదు. 26 సెకన్ల దగ్గర స్నాప్. పాస్. న్యూ ఇంగ్లండ్ ఆటగాడు మాల్కం బట్లర్ ఇంటర్‌సెప్షన్.

"లించ్ ఉండగా పాస్ ఏంటి?" అంటారు. కాగితం చూడండి: సియాటిల్‌కి మూడు ప్రయత్నాలున్నాయి, టైమవుట్ ఒక్కటే. పరుగు ఆగిపోతే గడియారం ఆగదు, పాస్ నేలపాలైతే ఆగుతుంది. మూడు ప్రయత్నాలూ హాయిగా వాడుకోవాలంటే ఒకటి పాస్ అయితే మేలు. కాబట్టి పాస్ వేయాలనుకోవడం తప్పు కాదు.

తప్పులు రెండు చోట్ల వెతకండి. ఒకటి, ఎలాంటి పాస్: జనం కిక్కిరిసిన మధ్యలోకి వేసే స్లాంట్. పోతే నేలపాలవ్వాల్సిన బంతి ఎదుటివాడి చేతిలో పడే గండం ఎక్కువున్న పాస్ అది. మూలకి ఎత్తి వేసినా, క్వార్టర్‌బ్యాక్ పక్కకి పరుగెత్తుతూ వేసినా ఆ గండం తక్కువ. రెండోది, లించ్ పరుగు అయ్యాక స్నాప్ దాకా పోనిచ్చిన అర నిమిషం. తొందరగా ఆడి ఉంటే పాస్ అవసరమే ఉండేది కాదు.

ఇక బెలిచెక్ టైమవుట్ పిలవకపోవడం? టచ్‌డౌన్ అయి ఉంటే (బ్రేడీ అప్పుడు న్యూ ఇంగ్లండ్ క్వార్టర్‌బ్యాక్) "బ్రేడీకి టైమ్ లేకుండా చేశాడు" అని ఇప్పటికీ ఆయన్నే తిట్టేవాళ్లం. సగం మంది మెచ్చుకునేది ఫలితాన్నే.

8. తలకిందుల సందర్భాలు

స్కోరు చేయకపోవడమే సరైన పని అయ్యే సమయాలుంటాయి. ఇక్కడ ప్రశ్న ఒక్కటే: బంతి ఎవరి దగ్గర ఉండగా గడియారం సున్నా అవుతుంది?

- 2012: రెండు పాయింట్లు వెనకున్న జెయింట్స్ రన్నర్ అహ్మద్ బ్రాడ్‌షాకి న్యూ ఇంగ్లండ్ కావాలనే దారి ఇచ్చింది. అతను ఆగబోయి ఆగలేక వెనక్కి వాలి ఎండ్ జోన్‌లో కూర్చుండిపోయాడు, 57 సెకన్లు మిగిలాయి. జెయింట్స్ గెలిచారు గానీ ఆ 57 సెకన్లూ వాళ్లకు నరకం.
- 2023: 35-35 దగ్గర కాన్సస్ సిటీ రన్నర్ జెరిక్ మెకినన్ గోల్ లైన్ ముందే జారి కూర్చున్నాడు. 8 సెకన్లకు తెచ్చి 27 గజాల కిక్ కొట్టారు. పాఠం నేర్చుకున్న జట్టు ఇలా ఉంటుంది.
- 2013: బాల్టిమోర్ 34-29తో ముందుండి, 12 సెకన్లు ఉండగా తన ఎండ్ జోన్‌లోనే పంటర్ శామ్ కోక్‌ని తిప్పి తిప్పి బయటకి అడుగు వేయించింది. రెండు పాయింట్లు ఇచ్చి, 8 సెకన్లు తిని, పంట్ బ్లాక్ అయ్యే భయమే లేకుండా చేసుకుంది.

9. ఓవర్‌టైమ్ టాస్

2022 నుంచి ప్లేఆఫ్స్‌లో మొదటి జట్టు టచ్‌డౌన్ కొట్టినా రెండో జట్టుకి బంతి వస్తుంది. రెండోసారి ఆడేవాడికి ఎన్ని పాయింట్లు కావాలో తెలుసు, క్రికెట్లో ఛేజింగ్ లాగా. నాలుగో డౌన్‌లో ఆడాలా, కిక్ కొట్టాలా అన్న సందేహమే ఉండదు. 2024లో శాన్ ఫ్రాన్సిస్కో టాస్ గెలిచి మొదట ఆడింది. మూడో అవకాశం తమదే కావాలన్నది కోచ్ కైల్ షానహాన్ వాదన. ఫీల్డ్ గోల్ దగ్గర ఆగారు, కాన్సస్ సిటీ టచ్‌డౌన్ కొట్టి 25-22తో ముగించింది. నిర్ణయానికి ఒక లెక్కంటూ ఉంది కాబట్టి మరీ పెద్ద మార్కులు కొయ్యను. కానీ ఈ కొత్త నియమం తమకు తెలియదని ఆ జట్టు ఆటగాళ్లలో కొందరు మ్యాచ్ తర్వాత అన్నారు, దానికి మాత్రం మార్కులు కోస్తాను.

10. మనం చేసే పొరపాట్లు, సరిచేసుకునే తీరు

- *ఫలితం చూసి తీర్పు.* స్నాప్ దగ్గర ఆపి, "నేనైతే ఇది చేస్తాను" అని రాశాకే ప్లే నొక్కండి. గుర్తున్న మ్యాచ్‌లతో ఇది కుదరదు, ఫలితం తెలియనివి ఎంచుకోండి.
- *ఆఖరి తప్పే అసలు తప్పు అనుకోవడం.* 2012 జనవరిలో శాన్ ఫ్రాన్సిస్కో రిటర్నర్ కైల్ విలియమ్స్ ఓవర్‌టైమ్‌లో బంతి పోగొట్టుకున్నది అందరికీ గుర్తు. నాలుగో క్వార్టర్లో ఒక పంట్ అతని మోకాలికి రాసుకుపోయింది. అది ఎంత మందికి గుర్తు? దాన్నుంచి కూడా జెయింట్స్ టచ్‌డౌన్ తెచ్చుకుంది.
- *తప్పులన్నీ ఒకే కుప్ప.* కాగితం మీద రెండు నిలువు గడులు గీయండి: "చేతి తప్పు", "ఆలోచన తప్పు". చాలా మ్యాచ్‌లలో రెండింట్లోనూ ఏదో ఒకటి పడుతుంది.
- *టైమవుట్లు మర్చిపోవడం.* తెరమీద స్కోరు కింద చిన్న గీతల్లా కనిపించేవి అవే. ముందు అవి చూడండి, తర్వాత స్కోరు.

మొదటి సాధనకి 2015 జనవరి గ్రీన్ బే, సియాటిల్ మ్యాచ్ నాలుగో క్వార్టర్ పెట్టుకోండి. ఐదు నిమిషాల దగ్గర, బర్నెట్ బంతితో కింద కూర్చున్నచోట ఆపి, అక్కడి నుంచి మీరే కోచ్ అనుకుని ఒక్కో డౌన్‌కి ఏం ఆడిస్తారో రాయండి. మా బావ ఇది చేసి గంటన్నర తర్వాత ఫోన్ చేశాడు. ఈసారి తిట్టింది బోస్టిక్‌ని కాదు.